చెప్పుకోలేని చోట.. తగ్గని గడ్డ
కోయిస్తే పోదు, దాస్తే మానదు

వర్ధన్నపేట: పత్తి ఏరే కాలంలో ఇల్లంద వైపు చేలల్లోకి పొద్దున్నే వెళ్లి చూస్తే, నడుముకు ఒడి కట్టుకున్న కూలీలు రెండు చేతులా గబగబా పత్తి తీస్తూ కనిపిస్తారు. వారిలో ఒకామె మాత్రం ఎడమ చేతిని ఒంటికి తగలనివ్వదు. కోడి రెక్క విప్పినట్టు ఆ చేతిని ఎడంగా పెట్టుకుని ఒక్క కుడిచేత్తోనే ఏరుతుంది. తోటివారు రెండు సాళ్లు ముగించినా ఆమెది ఒకటి పూర్తి కాదు. కూలి కిలోల లెక్కన గనుక సాయంత్రం తూకం దగ్గర ఆమె మూటే అందరికంటె చిన్నది. "ఏమైందే, ఇయ్యాల గింతేనా?" అని ఆసామి అడిగితే "పానం బాగలేదు పటేలా" అంటుంది. ఏం బాగలేదో చెప్పదు. అది చెప్పుకునే చోట కాదు.

ఆమె వయసు ముప్పైలోపే. బాధ మాత్రం పన్నెండేళ్ల నాటిది. "పెండ్లి కాకముందు సంది ఇంతే సారూ. ఒకటి పగిలి మానుతదో లేదో, దాని పక్కనే ఇంకోటి లేస్తది. చంకల లేస్తే చెయ్యి లేవది. తొడసందుల లేస్తే కాలు లేవది. ఎవలకు సూపెడుదు?" అని ఆమె ఈ విలేఖరితో అన్నది. ఆమె అన్న మాటల్లో ఈ విలేఖరికి తెలియనిది ఒక్కటీ లేదు. కారణం ముందు ముందు తెలుస్తుంది.

సెగగడ్డ అనుకుంటే పొరపాటే

మన పల్లెల్లో ఒంటిమీద గడ్డ లేస్తే దానికి చెప్పే కారణం ఒక్కటే. "వేడి చేసింది" అంటారు. రెండోసారి లేస్తే "రక్తం చెడింది" అంటారు. మూడోసారి లేస్తే "శుభ్రంగా వుండడు" అంటారు. సెగగడ్డ ఎవరికైనా వస్తుంది. పది రోజులు సలుపుతుంది, మొన తేలుతుంది, పగిలి చీము పోయి మానుతుంది. మళ్లీ అదేచోట రావాలని లేదు. కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ల కడుతుంది. దెబ్బ మానితే బిళ్ల కరుగుతుంది. ఈ రెండూ మన అమ్మమ్మలకు తెలిసినవే.

ఇప్పుడు చెప్పుకుంటున్నది ఈ రెండూ కాదు. చంకలు, గజ్జలు, తొడల లోపలి భాగం, పిరుదులు, ఆడవారికి రొమ్ముల కింద, అంటే చర్మం చర్మంతో ఒరుసుకునే చోట్ల ఇది వస్తుంది. మొదట లోతున శనగగింజంత గట్టిగా చేతికి తగులుతుంది. నాలుగు రోజుల్లో నిమ్మకాయంత అవుతుంది. చర్మం ఎర్రబడి, నిప్పు పెట్టినట్టు మండుతుంది. పగిలితే చీమూ నెత్తురూ కారతాయి. మానినట్టే మాని అక్కడే మళ్లీ వస్తుంది. కొన్నేళ్లకు ఒక గడ్డకూ ఇంకో గడ్డకూ చర్మం కింద దారి పడుతుంది. పొలం గట్టులో ఎలుక బొరియల మాదిరి ఒక మూతి మూస్తే ఇంకో మూతి తెరుచుకుంటుంది. పైన తాళ్లు పేనినట్టు గట్టి మచ్చలు కడతాయి. చెయ్యి పూర్తిగా పైకి లేవకుండా ఆ మచ్చలే పట్టేస్తాయి.

దీనికి మన భాషలో వేరే పేరు లేదు. అన్నీ గడ్డలే. వైద్యులు దీన్ని హైడ్రాడినైటిస్ సప్పురేటివా అంటారు. చీటీ మీద హెచ్.ఎస్. అని రెండక్షరాలు రాస్తారు. ఐరోపా దేశాల లెక్కల ప్రకారం నూటికి ఒకరి దాకా ఈ వ్యాధి వుండవచ్చునని అంచనా. నూటికి ఒకరంటే తక్కువేమీ కాదు. అయినా రోగి చెప్పడు, చూసేవారు అడగరు. అందువల్ల ఇది అరుదైన వ్యాధిగానే మిగిలిపోతోంది.

ఈ విలేఖరి కూడా బాధితుడే

ఈ నాలుగు మాటలు రాయడానికి ఈ విలేఖరికి పదకొండేళ్లు పట్టింది. ఊళ్లో నీళ్లు రాకపోతే రాశాం. ఆకేరు వాగు పొంగితే రాశాం. మార్కెట్లో మిర్చి ధర పడిపోతే రాశాం. చొక్కా కింద వున్న బాధ మాత్రం రాయలేదు. ఇంటర్‌లో బైపీసీ చదివి, చర్మం బొమ్మ గీసి, వెంట్రుక కుదురుకు గీత గీసి పేరు రాసి మార్కులు తెచ్చుకున్నవాడికి తన చంకలో వచ్చింది ఆ కుదురు జబ్బేనని తెలియలేదు.

ఆర్టీసీ బస్సులో నిలబడితే పైకడ్డీ పట్టుకోవడం కుదరదు. కండక్టర్ "పట్టుకో అన్నా, పడతవ్" అంటే నవ్వి తలుపు కమ్మీకి ఆనుకోవడమే. మోటారు సైకిల్ మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుంటే "ఏందన్నా, కొత్త ఇస్టయిలా?" అని కుర్రాళ్లు ఎగతాళి. ఒక సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతర వార్తకు వెళితే జనం తోపులాటలో ఎవరి మోచేయో తగిలి చంకలో గడ్డ పగిలింది. చొక్కా తడిసింది. చుట్టూ పట్నాలు వేస్తున్నారు, డోలు మోగుతోంది, బండారి గాలిలో లేస్తోంది. వార్త వదిలేసి, తువ్వాలు భుజాన కప్పుకుని ఇంటిదారి పట్టవలసి వచ్చింది. అమ్మ అదే బండారి తెచ్చి పుండు మీద అద్దింది. "దేవుడు సల్లగ సూస్తడు బిడ్డా" అన్నది. ఆమె నమ్మకాన్ని తప్పు పట్టేదేమీ లేదు. ఆమె చేతిలో వున్న మందు అదొక్కటే.

పెళ్లయిన మొదటి ఏడాది ఈ సంగతి ఇంటి ఇల్లాలికీ తెలియనివ్వలేదు. తెల్లవారకముందే స్నానం, తన బనియన్లు తానే ఉతుక్కోవడం, ఎండాకాలంలో కూడా ఒంటిమీద చొక్కా. ఒకనాడు దండెం మీది బనియన్‌కు మరక కనిపించి ఆమె నిలదీసింది. "నాకు చెప్పకపోతే ఎవలకు చెప్తవ్? నేనేమన్న ఊరిదాన్నా?" అన్నది. ఆ మాటతో సగం బరువు దిగింది. మిగతా సగం దిగడానికి జబ్బు పేరు తెలియవలసి వచ్చింది.

కోతల మీద కోతలు

బాధితులను కదిలిస్తే అందరి కథా ఒకే దారిన నడిచినట్టు కనిపిస్తుంది. ముందు ఇంటి వైద్యం. సున్నం, బెల్లం నూరి పట్టు వేస్తారు. ఉమ్మెత్తాకుకు ఆముదం రాసి సెగ చూపి కడతారు. ఉల్లిగడ్డ కాల్చి కడతారు. తరువాత పత్యం. వంకాయ వద్దు, గోంగూర వద్దు, కోడికూర వద్దు, ఎండుచాపలు వద్దు. తినేది తగ్గుతుంది గాని గడ్డ తగ్గదు. ఆ తరువాత ఆర్ఎంపీ దగ్గర సూది, అయిదు రోజుల గోలీలు. చివరికి కత్తి.

ఈ విలేఖరికి పదేళ్లలో తొమ్మిదిసార్లు గడ్డ కోశారు. కోసినవారి పేర్లు ఇక్కడ అనవసరం. వారు చేసింది గడ్డకు చేసే మామూలు వైద్యమే. చీము తీసి, గుడ్డ కుక్కి, కట్టు కట్టి పంపేవారు. ఆ రాత్రికి ప్రాణం లేచి వచ్చినట్టుండేది. రెండు నెలలకు మళ్లీ అక్కడే. తొమ్మిదిసార్లలో ఒక్కసారైనా "ఇది ఎన్నోది? ఇంకెక్కడ వస్తాయి?" అని ఎవరూ అడగలేదు. పైగా "రోజూ స్నానం చెయ్యి" అన్న సలహా. రోజుకు రెండుసార్లు స్నానం చేసేవాడికి ఆ మాట కత్తికంటె ఎక్కువ గుచ్చుకుంటుంది.

చీము తీయడం వల్ల అప్పటి నొప్పి తగ్గుతుందే గాని వ్యాధి పోదని, కోసిన గడ్డ దాదాపు ప్రతిసారీ తిరిగి వస్తుందని చర్మవ్యాధి నిపుణులు చెబుతున్నారు. ఎలుక బొరియలో ఒక మూతి దగ్గర మట్టి తీసినంత మాత్రాన బొరియ పూడదు గదా.

ఈ ఆలస్యం మన పల్లెలకే పరిమితం కాదు. 2015లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం మొదటి గడ్డ లేచిన నాటి నుంచి జబ్బు పేరు తేలడానికి సగటున 7 సంవత్సరాలకు పైగా పడుతోంది. సోరియాసిస్ రోగికి ఇదే పని రెండేళ్లలోపే అవుతోంది. పెద్ద ఆసుపత్రులున్న దేశాల్లోనే ఏడేళ్లయితే, బస్సెక్కి వరంగల్ పోవలసిన కూలి మనిషికి పన్నెండేళ్లు కావడంలో ఆశ్చర్యం ఏముంది?

పేరులోనే పొరపాటు

ఈ జబ్బును తప్పుగా అర్థం చేసుకోవడం ఇవాళ మొదలైంది కాదు. ఫ్రెంచి వైద్యుడు వెల్పో 1839లో దీని గురించి రాశాడు. 1854లో వెర్నోయ్ అనే మరో ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఇది చెమట గ్రంథుల వ్యాధి అనుకుని దానికి తగిన పేరు పెట్టాడు. చంకలో, గజ్జల్లో చెమట ఎక్కువ గనుక ఆయన అలా అనుకోవడం సహజమే. చెమట గ్రంథులది అసలు తప్పు కాదని, వెంట్రుక కుదురు దగ్గర మొదలవుతుందని తరువాత తేలింది. పేరు మాత్రం మారలేదు. 

జరిగేది ఇదీ: వెంట్రుక మొలిచే సన్నని గొట్టం మూతి పూడుకుపోతుంది. లోపల వూరేది బయటికి రాలేక గొట్టం ఉబ్బి చర్మం లోపలే పగులుతుంది. అందులోది చుట్టూ కండలోకి పోగానే శరీరంలోని రక్షణ బలగం శత్రువు వచ్చాడనుకుని విరుచుకుపడుతుంది. నొప్పి, ఎరుపు, వాపు, చీము అన్నీ ఆ యుద్ధం వల్లే. మామూలు గడ్డ మాదిరి బయటి సూక్ష్మక్రిమి చేసిన పని కాదిది. మన ఒంటి కాపలాదారే దారి తప్పి మన ఇంటినే కూల్చినట్టు. అందుకే ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఒకే మంచం మీద పడుకున్నా, ఒకే తువ్వాలు వాడినా, పాలిచ్చినా అంటదు. మురికి వల్ల రాదు. పాపం వల్ల అసలే రాదు.

ఈడు వచ్చిన తరువాత, ఎక్కువగా ఇరవైలలో మొదలవుతుంది. రోగుల్లో సుమారు మూడోవంతు మందికి ఇంట్లో ఇంకొకరికి కూడా వుంటుంది. పాశ్చాత్య దేశాల్లో ఆడవారిలో ఎక్కువ, కొరియా, జపాన్‌లలో మగవారిలో ఎక్కువ కనిపిస్తోంది. ఒళ్లు బరువు, పొగ తాగడం దీనికి తోడు దొంగలు. బీడీ మానితే జబ్బు పూర్తిగా పోతుందని ఎవరూ హామీ ఇవ్వరు గాని, మానమనే వైద్యులందరూ చెబుతారు. ఈ రోగుల్లో చక్కెర వ్యాధి, కీళ్లనొప్పులు, మనసు కుంగిపోవడం మామూలు జనంలోకంటె ఎక్కువ.

మార్క్స్‌నూ వదలలేదా?

ఓరుగల్లు జిల్లాలో కారల్ మార్క్స్ పేరు తెలియని ఊరు వుండదు. గోడ మీద బొమ్మ చూడని మనిషి వుండడు. ఆ గడ్డం మనిషి ఏళ్ల తరబడి గడ్డలతో తీసుకున్నాడన్న సంగతి మాత్రం తక్కువ మందికి తెలుసు. కూర్చోలేక నిలబడి రాసుకున్న రోజులున్నాయి. 'పెట్టుబడి' మొదటి సంపుటం 1867లో వెలువడింది. ఆ ఏడాదే మిత్రుడు ఎంగెల్స్‌కు రాసిన ఉత్తరంలో, ధనిక వర్గం తన గడ్డలను చచ్చేదాకా గుర్తుంచుకోవాలన్న అర్థంలో ఆయన చమత్కరించాడు. ఆయన ఉత్తరాలన్నీ చదివిన ఇంగ్లండు చర్మవ్యాధుల ఆచార్యుడు శామ్ షూస్టర్, అవి మామూలు రాచకురుపులు కావని, ఈ హెచ్.ఎస్. జబ్బేనని 2007లో ఒక వైద్య పత్రికలో వాదించాడు. గడ్డలు లేచిన చోట్లు, తిరిగి తిరిగి రావడం ఆయన చూపిన ఆధారాలు. చనిపోయిన మనిషికి పరీక్ష చేయలేము గనుక దాన్ని వాదనగానే తీసుకోవాలి. ఏమైనా, ఆయన బతికుండగా మాత్రం ఆ జబ్బుకు ఆ పేరు ఎవరూ చెప్పలేదు. లండన్‌లో వున్న మహా పండితుడికే దొరకని పేరు ఇల్లంద చేలల్లో పత్తి ఏరే ఆమెకు పన్నెండేళ్లలో దొరకకపోతే అది ఆమె తప్పు కాదు.

రోజు గడవడమే కష్టం

ఈ జబ్బు ప్రాణం తీయదు, బతకనివ్వదు. మందు కొట్టే డబ్బా వీపున వేసుకుంటే పట్టీలు సరిగ్గా చంక కిందే ఒరుస్తాయి. నాటు వేసేటప్పుడు వంగితే తొడసందులు ఒరుస్తాయి. మిరపకాయ ఏరిన చేయి పొరపాటున తగిలితే ఇక చెప్పనక్కరలేదు. ఎండాకాలం చెమటకు మంట రెట్టింపు. ఇరుకు చేతుల రవిక వేసుకోలేక ఆడవారు దర్జీకి కారణం చెప్పకుండానే "జర లూజు పెట్టు" అని మాత్రం అంటారు. పాత నూలు చీరలు చింపి మడతలు పెట్టి చంకలో పెట్టుకుంటారు. వాటిని ఉతికి, నలుగురూ చూడని చోట ఆరేసుకుంటారు.

వాసన గురించి ఎవరూ పైకి చెప్పరు. అందరికంటె ఎక్కువ కుంగదీసేది అదే. డిగ్రీ రెండో ఏడాదిలో ఒక అమ్మాయి కాలేజీ మానేసింది. చదువు రాక కాదు, బెంచీ మీద మూడు గంటలు కూర్చోలేక, పక్కనున్నవారు జరిగి కూర్చుంటే తట్టుకోలేక. ఇంట్లో మాత్రం "చదువు మీద మనసు లేదు" అని చెప్పింది. ఆటో నడిపే ఒక యువకుడు సీటు మధ్యలో గుంట వచ్చేలా స్పాంజి కోయించుకున్నాడు. ఎవరైనా అడిగితే మొలలని చెబుతాడట. మొలలని చెప్పుకోవడం కూడా దీనికంటె నయమనిపించింది పాపం.

చట్టం దృష్టిలో కూడా వీరు కనిపించరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో కుష్ఠు నయమైనవారున్నారు, యాసిడ్ దాడి బాధితులున్నారు. చెయ్యి లేవకుండా చేసే ఈ జబ్బు పేరు మాత్రం ఆ జాబితాలో లేదు.

మందులున్నాయి

జబ్బును పూర్తిగా పెకలించే మందు లేదన్న మాట నిజం. కాని అదుపులో పెట్టే మార్గాలు చాలా వున్నాయి. ముందుగా చూసి పేరు చెప్పే మనిషి కావాలి. దీనికి రక్తపరీక్ష అంటూ ప్రత్యేకంగా లేదు. గడ్డ ఎలా వుంది, ఎక్కడ వచ్చింది, ఆరు నెలల్లో రెండుసార్లయినా వచ్చిందా అన్న మూడు ప్రశ్నలే పరీక్ష. చంకలో, గజ్జల్లో పక్క పక్కనే జంటగా వుండే నల్లచుక్కలు కూడా ఒక గుర్తు. హర్లీ అనే వైద్యుడు 1989లో దీన్ని మూడు దశలుగా విభజించాడు. విడివిడి గడ్డలు మొదటి దశ. గడ్డల మధ్య దారులు పడి మచ్చ కడితే రెండవది. చోటంతా బొరియలై కలిసిపోతే మూడవది. మొదటి దశలో పట్టుకుంటే మూడవ దశ చూడకుండా ఆపుకునే వీలు ఎక్కువ. ఆలస్యమైతే పోయేది అదే.

మొదటి దశలో చర్మం మీద రాసే క్లిండామైసిన్ నీటిమందు, క్రిమిసంహారక ద్రవంతో కడుక్కోవడం, మూడు నెలల దాకా డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తారు. అవి చాలకపోతే క్లిండామైసిన్, రిఫాంపిసిన్ కలిపి పది, పన్నెండు వారాలు వాడిస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త వుంది. రిఫాంపిసిన్ క్షయ మందు. మెడలో, చంకలో క్షయ గడ్డలూ లేస్తాయి, చర్మానికీ క్షయ వస్తుంది. కాబట్టి ముందు అది కాదని తేల్చుకోకుండా దుకాణంలో అడిగి కొనుక్కుని వాడడం ప్రమాదకరం. ఆ మందు వాడితే మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడనక్కరలేదు. కుటుంబ నియంత్రణ మాత్రలు వేసుకునేవారికి ఆ మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు, వైద్యులకు ముందే చెప్పాలి. గర్భిణులు డాక్సీసైక్లిన్ వాడరాదు.

ముదిరిన వారికి అడాలిముమాబ్ అనే సూదిమందు వుంది. దారి తప్పిన రక్షణ బలగాన్ని అదుపు చేసే మందు ఇది. ఈ జబ్బుకు అమెరికా 2015లో దాన్ని అనుమతించింది. 2023లో సెకుకినుమాబ్‌ను, 2024లో బిమెకిజుమాబ్‌ను అనుమతించింది. అడాలిముమాబ్‌కు సాటి మందును ప్రపంచంలో మొదట అమ్మకానికి తెచ్చింది మన దేశపు కంపెనీయే. 2014లో జైడస్ సంస్థ ఆ పని చేసింది. అయినా నెల నెలా ఆ సూదులు కొనడం ఎకరం పత్తి వేసేవాడికి మించిన పని. సూది మొదలు పెట్టేముందు క్షయ పరీక్ష తప్పనిసరి.

శస్త్రచికిత్స కూడా వుంది. అది చీము తీసే కోత కాదు. బొరియ పైకప్పు విప్పినట్టు దాని మీది చర్మాన్ని మొత్తం తీసేసి, అడుగు నుంచి మాననిచ్చే పద్ధతి. బాగా ముదిరితే ఆ చోటు మొత్తాన్ని తొలగించి, అవసరమైతే చర్మం అతుకుతారు. దశాబ్దాల తరబడి మానని పుండ్లు అరుదుగా పుట్టకురుపుగా మారే ప్రమాదం కూడా వుంది గనుక పాత పుండును నిర్లక్ష్యం చేయరాదు.

ఇంటి దగ్గర చేసుకునేవీ కొన్ని వున్నాయి. వదులైన నూలు బట్టలు, గోరువెచ్చని గుడ్డతో కాపడం, బ్లేడుతో చంకలు గీయకపోవడం, గడ్డను పిసకకపోవడం, బీడీ మానడం. సున్నం మాత్రం వద్దు. వాచిన చర్మాన్ని అది కాలుస్తుంది.

రెండు నిమిషాల పని

ఈ విలేఖరి పదో ఏట వరంగల్‌లో ఒక చర్మవ్యాధుల విభాగంలో చీటీ రాయించుకుని రెండు గంటలు వరుసలో నిలబడ్డాడు. లోపల వయసులో చిన్నదైన వైద్యురాలు చెయ్యి ఎత్తమని చూసి, "మళ్లీ మళ్లీ ఇక్కడే వస్తోందా? గజ్జల్లో కూడా వుందా? మీ ఇంట్లో ఇంకెవరికైనా వుందా?" అని అడిగింది. రెండు నిమిషాలైనా కాలేదు, పేరు చెప్పింది. "ఇది మీ తప్పు కాదు" అన్నది. బయటికి వచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చోవలసి వచ్చింది. మూడోమాట అడిగినప్పుడే నాన్న గుర్తుకు వచ్చాడు. ఆయన కూడా ఎప్పుడూ చెయ్యి ఎడంగానే పెట్టుకుని నడిచేవాడు. అది ఆయన నడక అనుకునేవాళ్లం.

ఏడాదికి పైగా మందులు వాడుతున్నాడు. గడ్డలు పూర్తిగా ఆగలేదు. నెలకు రెండు లేచేవి, ఇప్పుడు మూడు నెలలకు ఒకటి లేస్తోంది. ఆ తరువాత ఒక్కసారి కూడా కోయించుకోలేదు. బీడీ మానడం మాత్రం ఇంకా పూర్తి కాలేదని ఒప్పుకోవాలి.

ఇల్లంద వైపు చేలల్లో కనిపించిన ఆమెకు ఈ సంగతులన్నీ చెబితే ముందు నమ్మలేదు. "గడ్డకు గూడ పేరుంటదా?" అన్నది. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది గనుక చార్జీల బాధ లేదు. పోయేది ఒక రోజు కూలి. పత్తి ఏరే రోజుల్లో అది చిన్న మాట కాదు. అయినా ఒక సోమవారం పొద్దున్నే ఆడబిడ్డను తోడు తీసుకుని వెళ్లి వచ్చింది. మందులు రాశారు. నెల తరువాత కనిపించి, "ఒకటి కొత్తగ లేసింది సారూ. పాతది మాత్రం కారుడు బందయింది" అన్నది. దాన్నే ఆమె పెద్ద సంగతిగా చెప్పింది. మొగుడికి కూడా చెప్పిందట. "ఇన్నొద్దులు నన్ను దగ్గరికి రానియ్యకపోతె కోపమనుకున్న" అన్నాడట ఆయన.

అధికారులు చేయవలసింది

చికిత్సకు దూరదేశాలు పోనక్కరలేదు. వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం వుంది. 1959లో ఏర్పడిన కాకతీయ వైద్య కళాశాల దానికి అనుబంధంగా వుంది. రోగికీ ఆ తలుపుకూ మధ్య అడ్డంగా వున్నవి సిగ్గు, తెలియకపోవడం, ఒక రోజు కూలి.

ఈ మూడింటిలో రెండింటిని తీసివేయడం ఆరోగ్యశాఖ చేతిలో పని. ఆశా కార్యకర్తలు కుష్ఠు సర్వే కోసం ఇల్లిల్లూ తిరిగి స్పర్శ లేని మచ్చలున్నాయా అని అడుగుతారు. దగ్గు రెండు వారాలకు మించి వుందా అని అడుగుతారు. అదే నోటితో "చంకలో, గజ్జల్లో గడ్డ మళ్లీ మళ్లీ వస్తోందా?" అని ఒక్క మాట అడిగితే చాలు. గడ్డ కోయడానికి వచ్చిన రోగిని "ఇది ఎన్నోది?" అని అడిగి, రెండోది, మూడోది అయితే చర్మవైద్యుల దగ్గరికి చీటీ రాసి పంపాలని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు, ఆర్ఎంపీలకు చెప్పాలి. ప్రపంచంలో ఏటా జూన్ మొదటి వారంలో ఈ జబ్బు గురించి చైతన్య వారం జరుపుతున్నారు. మన జిల్లాలోనూ ఆ వారంలో ఒక్క శిబిరం పెడితే ఎంతమంది వస్తారో చూడవచ్చు. ఆడవారికి వేరుగా, ఆడ వైద్యులతో పెడితేనే ఫలితం వుంటుంది. ఖరీదైన సూదిమందు అవసరమైన నిరుపేదలకు ప్రభుత్వ ఆసుపత్రి నుంచే అందే ఏర్పాటు చేయవలసి వుంది.

బాధితులు చేయవలసింది ఒకటే. ఈ వార్త చదివి, ఇది మనదేననిపిస్తే పేపరు మడిచి పక్కన పెట్టవద్దు. ఇంట్లో ఒకరికి చెప్పండి. తరువాత వరంగల్ బస్సు ఎక్కండి. పైకడ్డీ పట్టుకోలేకపోతే ఫరవాలేదు. అడిగితే ఎవరైనా సీటు ఇస్తారు. కారణం అడిగితే గడ్డ అని చెప్పండి.